ఎక్కడ తప్పో చెప్పని సార్

మొన్న చౌరస్తాలో మిల్లులో నాతో పనిచేసిన పాత మిత్రుడొకడు ఎదురుపడి, సార్ పోయిండట, నీకు ఎర్కనేనా అని అడిగాడు. నాకు తెలియదు. ఎలా పోయాడని అడిగితే నిద్రలోనే, ఎవరినీ ఏ ఇబ్బందీ పెట్టకుండా పోయాడని చెప్పి, పుణ్యాత్ముడు అని ఒక మాట చేర్చాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఆయన చేసిన పని అదొక్కటే అయి ఉంటుందని నేనన్నాను. మిత్రుడు నొచ్చుకున్నాడు. పోయినవాళ్లను అలా అనకూడదన్నాడు. అనకూడదు, నిజమే. కానీ నాకు బాధ కలగలేదు. కలిగినట్టు మొహం పెట్టడం చేతకాలేదు. ఇంటికి నడిచి వస్తుంటే దారి పొడుగునా ఆయనే గుర్తొచ్చాడు. గుర్తొచ్చిన కొద్దీ కోపం పెరిగిందే తప్ప తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

డెబ్భైల నడుమ నేను వరంగల్లులో ఒక బట్టల మిల్లులో టైం ఆఫీసు గుమాస్తాగా చేరాను. ఎవరు ఎప్పుడు పనిలోకి వచ్చారు, ఎవరికి ఎన్ని సెలవులున్నాయి, ఎవరి సర్వీసు ఎంత అన్నది చూడడం మా పని. మా అందరి మీద ఈ సార్ సూపరింటెండెంటు. సన్నగా, నిటారుగా ఉండేవాడు. మిల్లులో పత్తి నుసి పడని మనిషంటూ ఉండడు గానీ, ఆయన చొక్కా మీద మాత్రం ఒక్క పోగు కనిపించేది కాదు. బల్ల మీద ఒక చెక్క స్కేలు ఉండేది. నచ్చని కాగితాన్ని ఆయన చేత్తో తిరిగి ఇచ్చేవాడు కాదు. స్కేలు కొసతో మన వైపు జరిపేవాడు. జరిపి, "సరిగ లేదు, చూస్కో" అనేవాడు.

ఏది సరిగా లేదో చెప్పడు. అడిగితే అసలే చెప్పడు. అడిగినవాడి మొహంలోకి ఒకసారి చూసి మరో ఫైలు తెరిచేవాడు.

కొత్తగా చేరిన నెలలోనే నాకు ఆ స్కేలు తగిలింది. సెలవుల లెక్క ఒకటి రాసి తీసుకెళ్తే జరిపేశాడు. కూడికలన్నీ మళ్లీ చూశాను, సరిపోయాయి. పేర్లు చూశాను, సరిపోయాయి. కొత్త కాగితం మీద తిరగరాశాను, మళ్లీ జరిపాడు. సిరా కూడా మార్చి చూశాను, నల్లది పోయి నీలం, నీలం పోయి నల్లది. చివరికి పక్క బల్ల పెద్దమనిషి జాలిపడి, ఎడమ పక్క జర జాగ ఎక్కువ ఇడ్సి చూడు అన్నాడు. అలా చేస్తే సంతకం పెట్టాడు. అసలు లోపం ఆ ఖాళీ జాగాయేనా, లేక ఆయనకే విసుగొచ్చిందా అన్నది నాకిప్పటికీ తెలియదు. ఆయన కింద పనిచేసిన వాళ్లందరికీ ఇలాంటి కథే ఒకటి ఉంటుంది. ఒక్కొక్కరం ఒక్కో మూఢనమ్మకం పెంచుకున్నాం. ఒకాయన శుక్రవారం తప్ప ఫైలు పెట్టేవాడు కాదు. ఇంకొకాయన గుండుసూది కుడివైపు గుచ్చితేనే పాసవుతుందని ప్రమాణం చేసేవాడు.

చాయ్ విషయంలోనూ అంతే. గేటు ముందు హోటల్ నుంచి అటెండరు యాదగిరి తెచ్చేవాడు. ఆయన ఒక్క గుక్క తాగి, కిటికీలోంచి పారబోసి, ఇంకోటి తే అనేవాడు. చక్కెర ఎక్కువైందో, తక్కువైందో, పొగ వాసన వచ్చిందో యాదగిరికి తెలిసే దారి లేదు. ఒకసారి యాదగిరి తెగించి ఒకేసారి రకరకాల చాయ్‌లు పోయించి, పళ్లెంలో వరసగా పెట్టాడు. ఆయన ఒక్కోటీ రుచి చూశాడు. అన్నీ పక్కకు జరిపి మంచినీళ్లు తాగి పనిలో పడ్డాడు. యాదగిరి వరండాలోకి వచ్చి పళ్లెం కింద పెట్టి, ఈ సారు కింద పనిచేసుడు కంటె మగ్గం గుంటల కూసునుడు నయం అన్నాడు. వాళ్ల నాయన ఆ గుంటలోనే కూర్చుని బట్ట నేసి నేసి నడుము పోగొట్టుకున్నవాడు. ఆ సంగతి తెలిసీ అన్నాడంటే ఎంత విసిగిపోయాడో చూడండి.

ఆయనా నేనూ వరంగల్లు కాశిబుగ్గలో ఒకే గల్లీలో ఉండేవాళ్లం. ఆయన భార్య మెత్తని మనిషి. అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి మా ఆవిడతో కాసేపు కూర్చునేది. ఇంట్లో కూడా ఆయన అంతేనట. రెండు ముద్దలు తిని కంచం ముందుకు జరిపి లేస్తాడట. ఆమె ఆ కంచం ముందు కూర్చుని కూర ఒకటి, పప్పు ఒకటి విడివిడిగా రుచి చూసుకుంటుందట. "ఉప్పెక్కువైందో, కారమెక్కువైందో, నేనే మంచిగ లేనో తెల్వది వదినా" అందట మా ఆవిడతో. ఆ మాట మా ఆవిడ నాకు చెప్పిన రోజు నుంచి ఆయన మీద నాకున్న చిరాకు అసహ్యంగా మారింది. ఆఫీసులో అయితే జీతం తీసుకుంటున్నాం, పడ్డాం. ఆ తల్లికేం ఖర్మ?

ఆయన లంచం ముట్టేవాడు కాదు. అది చెప్పకపోతే నా నోరు పడిపోతుంది. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివినవాడు, ఏ భాష రాసినా అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఎందుకిలా చేస్తారు సార్ అని ఒకాయన ధైర్యం చేసి అడిగితే, చెప్తే నేర్సుకోరు, ఎతుక్కుంటె నేర్సుకుంటరు అన్నాడట. తనను తాను గురువుననే అనుకునేవాడు మరి. ఆయన దగ్గర మేం నేర్చుకున్నది భయపడడం ఒక్కటే.

ఎనభైల నడిమికి వచ్చేసరికి హైదరాబాదులోని మా హెడ్డాఫీసు కంప్యూటరు కొన్నది. పనివాళ్ల రికార్డులన్నీ దాంట్లోకి ఎక్కించాలన్నారు. దానికోసం ఆయన్ను హైదరాబాదు పిలిపించి కొన్ని నెలలు శిక్షణ ఇప్పించారు. సఫారీ సూటు కుట్టించుకుని తిరిగొచ్చాడు. అప్పటి నుంచి కంప్యూటర్ సార్ అయ్యాడు.

కంప్యూటరు వరంగల్లుకు రాలేదు, హైదరాబాదులోనే ఉంది. మా పనల్లా ఒక్కో పనివాడి పాత సర్వీసు కార్డు తీసి, అందులోని వివరాలు గళ్ల కాగితాల మీద ఒక్కో గడికి ఒక్కో అక్షరం చొప్పున రాయడం. వాటిని బస్సులో పంపితే అక్కడ కంప్యూటరులో కొట్టేవారు. సరిగ్గా ఉన్నవి లోపలికి పోయేవి. సరిగ్గా లేనివి ఒక లిస్టుగా అచ్చయి మాకు తిరిగి వచ్చేవి. కంప్యూటరు ఏమేం సరిచూడాలి, తప్పు దొరికితే ఏమని అచ్చు వేయాలి అన్నది అక్కడివాళ్లకు రాసిచ్చింది తానేనని ఆయన మాతో గర్వంగా చెప్పాడు.

మొదటి లిస్టు వచ్చింది. రెండు అంచులా చిల్లులున్న వెడల్పాటి కాగితం. దాని మీద వరసగా పనివాళ్ల టోకెన్ నంబర్లు, ప్రతి నంబరు పక్కనా ఒకే ఒక్క మాట, ఎర్రర్. ఏ గడిలో, ఏమిటి, ఎందుకు, ఏమీ లేదు. యాదగిరి ఆ లిస్టు ఎత్తి పట్టుకుని, సారు మిషన్‌లకు గూడ దూరిండు అన్నాడు. అందరం నవ్వాం. అదే ఆఖరి నవ్వు. ఆ తర్వాత నెలల తరబడి ఆ మాటతో చచ్చాం. తండ్రి పేరు మార్చి రాసి పంపితే ఎర్రర్. సెక్షన్ నంబరు దిద్ది పంపితే ఎర్రర్. గుండుసూది కుడివైపు గుచ్చి పంపినా ఎర్రరే.

లిస్టులో పేరున్న వాళ్లందరినీ టైం ఆఫీసు కిటికీ దగ్గరికి పిలిచి వివరాలు మళ్లీ అడగమన్నారు. అలా వచ్చింది కొమురమ్మ. నూలు కండెలు చుట్టే సెక్షన్‌లో అందరికంటే పాత మనిషి. పరకాల దిక్కు నుంచి కోడలిగా వరంగల్లు వచ్చి, పెళ్లయిన కొత్తలోనే మిల్లులో చేరింది. భర్త దగ్గుతో మంచాన పడ్డాక ఇల్లు ఆమె మీదే నడుస్తోంది. జుట్టంతా పత్తి నుసి, ఏది నెరుపో ఏది నుసో తెలిసేది కాదు.

తన పేరు మీద ఏదో తప్పు వచ్చిందట గదా, ఏమిటని అడిగింది. నాకు తెలియదన్నాను. నీకు తెల్వకపోతే ఎవలకు తెలుస్తది బిడ్డా అంది. మిషన్‌కు తెలుస్తది అన్నాను. "గా మిషన్‌నే అడుగు మరి" అంది. ఎగతాళిగా కాదు, మామూలుగానే అంది. నాకు సిగ్గేసింది.

ఆ సిగ్గుతోనే ఒక మధ్యాహ్నం తిరిగొచ్చిన కాగితాలన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. చూడగా చూడగా ఒకటి తట్టింది. కొత్తగా చేరినవాళ్లెవరూ లిస్టులో లేరు. అందరూ పాతవాళ్లే. కొమురమ్మ కాగితం తీశాను. సంవత్సరానికి రెండే గళ్లు ఉండేవి. పుట్టినది నలభై రెండు అని ఉంది. మిల్లులో చేరినది యాభై అని ఉంది. అంటే ఎనిమిదేళ్ల పిల్ల మిల్లులో చేరిందన్నమాట. ఏ మిషన్ ఒప్పుకుంటుంది?

కానీ ఆ నలభై రెండు మనం అనుకునే నలభై రెండు కాదు. నిజాం కాలంలో సర్కారు లెక్కలన్నీ ఫసలీ సంవత్సరాల్లో నడిచేవి. ఫసలీకి ఐదొందల తొంభై చిల్లర కలిపితే మన మామూలు సంవత్సరం వస్తుంది. మా నాయన కూడా తన పెళ్లి సంగతి ఫసలీలోనే చెప్పేవాడు. కొమురమ్మ పుట్టింది ఫసలీ పదమూడు వందల నలభై రెండులో. అంటే మన లెక్కలో ముప్పై రెండో, ముప్పై మూడో. మిల్లులో చేరినది నిజాం పాలన పోయాక గనక అది మామూలు లెక్కలోనే పడింది. పాత కార్డులో ఫసలీ అని ఎవరూ రాయలేదు, అప్పట్లో రాయాల్సిన అవసరమే లేదు. మేం కళ్లు మూసుకుని చివరి రెండు అంకెలూ ఎక్కించేశాం. లిస్టులో ఉన్నవాళ్లందరిదీ ఇదే గోడు.

పరుగున ఆయన గదికి వెళ్లి చెప్పాను. అంతా విన్నాడు. విని, "నాకెప్పుడో ఎర్క. మొదటి లిస్టు వచ్చిన్నాడే చూసిన" అన్నాడు.

కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఇన్ని నెలలు మేం గుడ్డి ఎద్దుల్లా తిరుగుతుంటే ఆయన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడన్నమాట. కోపం దిగమింగి, సరే సార్, ఇకముందైనా మిషన్ ఒక్క ముక్క అచ్చు వేసేటట్టు చేయమని అడిగాను. చేరిన నాటికి వయసు తక్కువ అని రాస్తే చాలు, ఎవరైనా పుట్టిన సంవత్సరం వైపే చూస్తారు, దిద్దుతారు అన్నాను. అప్పుడు ఆయన స్కేలు పక్కన పెట్టి నాతో ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడాడు.

"ఏం తప్పో చెప్పినమనుకో, రేపు నీ అసొంటోడు గా ఒక్కటి దిద్ది పంపుతడు. నిజం రాయడు, మిషన్ ఒప్పుకునేది రాస్తడు. చెప్పకుంటెనే అసలు కాయిదం తీసి చూస్తడు."

ఈ మాటలో పస లేదనను. చాలా రోజులు దాని గురించి ఆలోచించాను. ఆలోచించాను గనకే తర్వాత ఆయన చేసిన పనిని ఈ జన్మలో క్షమించలేను.

హెడ్డాఫీసు నుంచి పెద్ద మేనేజరు వస్తున్నాడన్నారు. ఆ లోపల లిస్టు శుభ్రం కావాలన్నారు. తప్పు పడిన కాగితాలన్నీ ఆయన తన గదిలోకి తెప్పించుకుని తలుపేసుకున్నాడు. మమ్మల్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఫసలీ లెక్క దిద్దుతున్నాడనుకున్నాం. ఆ వారమే అన్నీ హైదరాబాదు వెళ్లాయి. ఈసారి ఒక్క ఎర్రర్ కూడా తిరిగి రాలేదు. పెద్ద మేనేజరు క్యాంటీన్ హాల్లో ఆయనకు శాలువా కప్పాడు. మేం చప్పట్లు కొట్టాం. పీడ వదిలిందన్న సంతోషంతో నేను కూడా గట్టిగానే కొట్టాను.

తర్వాత కంప్యూటరులోంచి వచ్చిన సీనియారిటీ జాబితా నోటీసు బోర్డు మీద అంటించారు. కొమురమ్మకు చదువు రాదు, ఎవరో చదివి చెబితే నా కిటికీకి వచ్చింది. "నేను పని నేర్పిన పిల్ల నాకంటె ముందుగాల చేరిందట బిడ్డా" అంది. నేను వెళ్లి చూశాను. పుట్టిన సంవత్సరం అదే నలభై రెండు. చేరిన సంవత్సరం మాత్రం యాభై కాస్తా అరవై అయింది. ఆమెదే కాదు, తప్పు పడిన ప్రతి ఒక్కరిదీ మిషన్ ఒప్పుకునేంత వరకు ముందుకు జరిగింది.

పుట్టిన సంవత్సరమే ఎందుకు దిద్దలేదో తర్వాత నాకు అర్థమైంది. దాన్ని ముట్టుకోవాలంటే తప్పు ఎలా పడిందో రాసి మేనేజరు సంతకం తీసుకోవాలి. చేరిన సంవత్సరమైతే ఆయన సంతకం ఒక్కటే చాలు, కారణం రాయనక్కరలేదు. ఎవరో దొంగలెక్క రాస్తారని నాకు అంత పాఠం చెప్పిన మనిషి, ఆ దొంగలెక్క తానే కూర్చుని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

మా ఆఫీసులో ఒకాయన, కాయిదం మీద పదేండ్లు చిన్నగైనవ్ గదమ్మా, ఇంకో పదేండ్లు పని చేస్కో అని నవ్వాడు. కొమురమ్మా నవ్వింది. కొన్ని వారాలకే మిల్లు గేటు మీద ఇంకో నోటీసు పడింది. కండెలు చుట్టే సెక్షన్ సగం మూసేస్తున్నారు. జాబితా ప్రకారం వెనక చేరినవాళ్లు ముందు ఇంటికి పోవాలి. కొమురమ్మ నిజంగా చేరిన సంవత్సరమే ఉండి ఉంటే ఆమె పేరు దరిదాపుల్లో కూడా రాదు. అరవై అని ఉంది కాబట్టి వచ్చింది.

దిద్దుబాటు కాగితం రాసి, పాత కార్డు జతచేసి, ఆయన ముందు పెట్టాను. స్కేలుతో జరిపాడు. సరిగ్గా లేదు, చూసుకోమన్నాడు. తిరగరాశాను. జాగా వదిలాను. తెలుగులో రాశాను, ఇంగ్లీషులో రాశాను. జరుపుతూనే ఉన్నాడు. కాగితంలో లోపం లేదని తెలియడానికి నాకు కొంత కాలం పట్టింది. దాని మీద సంతకం పెడితే శాలువా కప్పించుకున్న జాబితాలో తప్పున్నట్టు ఒప్పుకోవాలి. ఒకరిది దిద్దితే అందరిదీ దిద్దాలి. యూనియన్ వాళ్లకు చెప్పి చూశాను. ఆఫీసు రికార్డే సాక్ష్యం, అందులో మార్చిస్తే కొట్లాడతామన్నారు. మళ్లీ ఆ గదికే రావలసి వచ్చింది.

చివరికి కొమురమ్మ నేనే వస్తనంది. ఇన్నేళ్ల సర్వీసులో ఆమె ఆ గది గడప తొక్కడం అదే మొదటిసారి. తలుపు దగ్గరే నిలబడి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"సారూ, నా తప్పేందో జర చెప్పుండ్రి. దిద్దుకుంట."

ఆయన ఆమె వైపు చూశాడు. నేను స్కేలు కోసం ఎదురుచూశాను. కానీ ఆయన మెత్తగా, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఆ గొంతు ఆయనకుందని నాకప్పటిదాకా తెలియదు.

"నీ తప్పేం లేదమ్మా. నీ పుట్టిన సాలు ఫసలీల రాసిండ్రు. మిషన్‌కు ఫసలీ తెల్వది. నువ్వు చేరింది యాభైలనే. నాకెర్కనే."

ఏది తప్పో, ఎక్కడ పడిందో, ఎందుకు పడిందో, అంతా నాలుగు ముక్కల్లో వచ్చేసింది. నా ఎరుకలో ఆయన ఒక మనిషికి ఇంత విప్పి చెప్పడం అదొక్కసారే. కొమురమ్మ మొహం తేటపడింది.

"మరి గట్లనే రాయుండ్రి సారూ" అంది.

ఆయన తల దించుకుని నా దిద్దుబాటు కాగితాన్ని స్కేలుతో బల్ల అంచు దాకా జరిపాడు.

మెట్లు దిగుతూ కొమురమ్మ కింది మెట్టు మీద ఆగి, "తెల్వనోడైతె తెల్వదనుకుందుము బిడ్డా. తెల్సినోన్ని ఏమనాలె" అని అడిగింది. నోటికొచ్చిన తిట్లు చాలా ఉన్నాయి గానీ అవేవీ సరిపోలేదు.

ఆఖరి రోజున పోయేవాళ్లంతా వరసగా నా కిటికీ దగ్గరికి వచ్చి టోకెన్ బిళ్లలు అప్పగించారు. కొమురమ్మ బిళ్ల అరిగిపోయి నంబరు చేత్తో తడిమితే గానీ తెలియడం లేదు. రిజిస్టరులో తీసేయడానికి కారణం అని ఒక గడి ఉంటుంది. అందరికీ జాబితా ప్రకారం అని రాయమని ఉత్తరువు. ఆమె దగ్గరికి వచ్చేసరికి నా చేయి ఆ మాట రాయలేదు. గడిలో పట్టకపోతే పక్క గడిలోకి పోయి మరీ రాశాను. ఈమె మిల్లులో చేరినది యాభైలో. జాబితాలో అరవై అని వేశారు. తప్పని తెలిసీ దిద్దలేదు.

నేను అంతసేపు రాయడం చూసి, ఏం రాసినవ్ అని అడిగింది. చదివి వినిపించాను. వెనక వరసలో వాళ్లు తొందరపడుతున్నారు.

"ఇంకోసారి సదువు" అంది.

మళ్లీ చదివాను. ఈసారి మెల్లగా చదివాను. ఆమె ఒక్కో మాటకూ తల ఊపుతూ విన్నది. కిటికీ చువ్వల్లోంచి చేయి పెట్టి ఆ రాత ఎక్కడుందో చూపించమంది. చూపిస్తే దాన్ని వేలితో ఒకసారి తడిమి, కొంగు దులుపుకుని గేటు వైపు వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున నేను రిజిస్టరు తెరిచేసరికి ఆ మూడు వాక్యాల మీదా స్కేలు పెట్టి గీసిన గీత అడ్డంగా ఉంది. పైన ఆయన పొట్టి సంతకం ఉంది. ఎందుకు కొట్టేశాడో మాత్రం రాయలేదు.